ఉద్దానం ఎన్ని రోజులు తనంతట తాను నిలవగలదో లెక్క తీయండి

సంపాదకుల వారికి,

అక్టోబర్ దగ్గర పడుతుంటే శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఉద్దానంలో ఏ పనిలో ఉన్నవాళ్ళకైనా చెవి గాలి మీదే ఉంటుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను పక్కనే ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖను పట్టుకుంది. 2018లో దసరా నవరాత్రులు మొదలైన మరునాడు, అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ మా నెత్తి మీదికే వచ్చింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలికి మా నాన్న నాటిన కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి.

ఇప్పుడు తుఫాను ఎక్కడ, ఎప్పుడు అన్నది రెండు మూడు రోజుల ముందే తెలుస్తోంది. పడవలు ఒడ్డుకు వస్తున్నాయి, తీరం పక్క ఇళ్ళవాళ్ళు షెల్టర్లకు వెళుతున్నారు. దీని వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అందుకు ప్రభుత్వాలకూ వాతావరణ శాఖకూ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నేను అడిగేది గాలి తగ్గిన మర్నాటి సంగతి. ఏ ఊరు ఎన్ని రోజులు బయటి సాయం లేకుండా బతకగలదో ఎవరైనా ఎప్పుడైనా లెక్క తీశారా?

తిత్లీ తర్వాత మా ఊరు చూసింది చెబుతాను. మేము జాతీయ రహదారికి దూరమేమీ కాదు. కానీ ఆ కొద్ది దూరమూ చెట్ల మొదళ్ళతో, కరెంటు స్తంభాలతో మూసుకుపోయింది. దారి తీయడానికి గొడ్డళ్ళున్నాయి, పట్టే చేతులు లేవు. మా కుర్రాళ్ళలో చాలామంది ముంబైలోనో చెన్నైలోనో కూలి పనుల్లో ఉంటారు. బెస్త ఊళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉంటారు. ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళు, పిల్లలు, నా ఈడు ముసలివాళ్ళు. తుఫాను సన్నద్ధత కాగితాల్లో ఈ వలస సంగతి ఎక్కడా కనపడదు.

ఇక నీళ్ళు. రాత్రి కరెంటు పోయింది, ఓవర్‌హెడ్ ట్యాంకు అప్పటికే అడుగంటింది. ఒకప్పుడు ప్రతి పెరట్లో గిలక నుయ్యి ఉండేది. మోటార్లు వచ్చాక గిలకలు తీసేశాం, చేంతాళ్ళు పారేశాం. మా వీధిలో ఒక్క ఇంట్లోనే చేద మిగిలి ఉంది, ఆ నుయ్యే నాలుగు వీధులకు దిక్కయింది. ఆ నీళ్ళు వాడుకకు సరే, తాగడానికి భయం. ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలని మా ఉద్దానంలో భూగర్భ జలాన్ని ఎవరు నమ్ముతారు? కాబట్టి పడిన చెట్ల బొండాలు కొట్టుకుని తాగాం. మూడు రోజులు అవే మా దాహం తీర్చాయి.

ఆ బొండం నీళ్ళు కూడా తాగకూడనివాళ్ళు మా మధ్యే ఉన్నారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పాడైన మనిషికి అది గుండె మీదికి తెస్తుంది. మా వీధిలో డయాలసిస్ మీద ఉన్న ఒకాయనకు చుట్టూ బొండాలు గుట్టలుగా పడి ఉన్నా నోరు తడుపుకునే దారి లేదు. ఆయన వంతు రోజు దాటిపోయింది. మర్నాడు ఇద్దరు మనుషులు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మొద్దుల మీదుగా మోసుకుంటూ రోడ్డెక్కించారు. తుఫాను హెచ్చరిక రాగానే ఇలాంటివాళ్ళకు వంతును ఒకరోజు ముందుకు జరపాలనీ, డయాలసిస్ కేంద్రానికి దగ్గర్లో ఎక్కడైనా ఉంచాలనీ అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఇప్పుడైనా ప్రతి ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఆ పేర్ల జాబితా ఉంటుంది కదా, దాన్ని తుఫాను ప్రణాళికలో కలపడానికి ఏం అడ్డం?

వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకాన్ని 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. మా తరం కోరుకున్నది అదే. అయితే నీళ్ళు అంత దూరం నుంచి పంపుల బలంతో వస్తాయి, పంపులకు కరెంటు కావాలి. తిత్లీ వెనకే ఒడిశా వానలకు వంశధార కూడా పొంగింది. గాలి, వరద కలిసి వచ్చిన రోజున ఆ గొట్టం చివర ఉన్న ఊరికి ఏముంటుంది? లెక్క కష్టమేమీ కాదు. రెండు వేల మంది ఊళ్ళో తాగడానికి, వంటకు తలకు 5 లీటర్లు అనుకుంటే రోజుకు 10 వేల లీటర్లు. 60 వేల లీటర్ల ట్యాంకును హెచ్చరిక రోజునే నింపి వాల్వు కట్టేస్తే ఆరు రోజులు. ఆ వాల్వు కట్టే మనిషి ఎవరో ముందే తేల్చి పెట్టాలి, అంతే.

తిండి సంగతీ అంతే. ఉద్దానం తోటల నేల. కొబ్బరి, జీడి, పనస పండిస్తాం, బియ్యం మాత్రం చాలా ఇళ్ళలో కొనుక్కునేదే. రేషన్ డిపోలో ఎన్ని రోజుల సరుకుంది, గ్యాస్ బండ అయిపోతే పొయ్యి ఎక్కడ పెట్టాలి, కరెంటు లేకపోతే పెట్రోలు బంకు నడుస్తుందా అన్నవి కూడా లెక్కలోకి రావాలి.

ఇలాంటి లెక్క తీయడం కొత్త కాదు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో వెంకటరాయిపూర్ అనే చేపలు పట్టేవాళ్ళ పల్లె ఉంది. నిర్ణీత అంశాల మీద పరీక్షించి 2020లో ఆ ఊరిని సునామీకి సిద్ధంగా ఉన్న ఊరిగా యునెస్కో గుర్తించింది. ముప్పు పటం, ఏటా కసరత్తు, రాత్రీ పగలూ హెచ్చరిక అందే ఏర్పాటు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ తీరంలో నోళియా మత్స్యకారులు ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. వాళ్ళకు సాధ్యమైంది కవిటికి, సోంపేటకు, వజ్రపుకొత్తూరుకు ఎందుకు కాదు?

జిల్లా అధికారులకు నా మనవి ఇది. ఈ సెప్టెంబర్‌లోగా ప్రతి గ్రామ సచివాలయం పరిధిలో ఈ లెక్క తీయించండి. నీళ్ళు ఎన్ని రోజులకు, బియ్యం ఎన్ని రోజులకు, పనిచేసే చేదబావులు ఎన్ని, చెట్లు కోసే మెషిన్లు ఎన్ని, అవి నడపగల మనుషులు ఊళ్ళో ఎందరు, డయాలసిస్ రోగులను ఎక్కడికి తరలిస్తారు అన్నది రాసి సచివాలయం గోడకు అంటించండి. అంకె చిన్నదైతే చిన్నదిగానే రాయండి. గ్రామసభలో చదివి వినిపిస్తే లోటు ఎక్కడుందో మేమే చూసుకుంటాం. మా వీధి గిలక నుయ్యికి కొత్త చేంతాడు కొనడానికి ప్రభుత్వం రానక్కర్లేదు. ట్యాంకుకు జనరేటరు మాత్రం మీరే ఇవ్వాలి.

నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తిత్లీ తర్వాత నేను నాటిన మొక్కలకు ఇప్పుడిప్పుడే గెలలు కనపడుతున్నాయి.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా