మీ లవంగం–దాల్చినచెక్క ఫేస్ క్రీమ్‌పై ఫిర్యాదు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ క్రీమ్ వల్ల మా అమ్మకు వచ్చిన ఎలర్జీ గురించి

అయ్యా,

డబ్బా మీద "వంటింటి దినుసులు, పూర్తిగా సహజం" అని చూసి మీ క్రీమ్‌ను పూర్ణా మార్కెట్ దగ్గర కొన్నాను. అమ్మ రోజూ రాత్రి రాసుకునేది. నాలుగో రోజు పొద్దున చూస్తే చెంపలు కందిపోయాయి, రెప్పలు వాచి కళ్లు సగమే తెరుచుకున్నాయి. మన ఊరి ఉక్కకు చెమట పడితే చాలు, ముఖమంతా భగ్గుమంటోందని ఏడ్చేది.

మీకు ఫోన్ చేశాను. "మొదట్లో మంట మామూలే మేడమ్, మలినాలు బయటికొస్తున్నాయి, ఆపకండి" అన్నారు. నమ్మాను. ఇంకో మూడు రాత్రులు నా చేత్తోనే రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతోంది.

స్కిన్ డాక్టర్ గారు ఏది పడటం లేదో తేల్చడానికి, అనుమానం ఉన్న పదార్థాలు రాసిన చిన్న పట్టీలు అమ్మ వీపు మీద వరసగా అంటించి, రెండు రోజులు తడవనివ్వొద్దన్నారు. పట్టీలు తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూశారు. యూజెనాల్, సినమాల్డిహైడ్ అంటించిన రెండు చోట్లా ఎర్రగా పొంగి ఉంది. మొదటిది లవంగంలోది, రెండోది దాల్చినచెక్కలోది. ఇలాంటి ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా వదలదట. ఇకపై సబ్బు, టూత్‌పేస్టు కూడా చూసుకుని కొనాలన్నారు.

మసాలాల మీద నాకేం కోపం లేదు. పులావులో మేం వేసేవి నాలుగు లవంగ మొగ్గలు. లవంగ నూనె సంగతి వేరు, అందులో ఎక్కువ భాగం యూజెనాలే. పంటి నొప్పికి దూదితో అద్దితేనే చిగురు మొద్దుబారుతుంది. అలాంటిది రాత్రంతా ముఖం మీద ఉండే క్రీములో ఎంత కలిపారు?

డబ్బా వెనక వెతికితే చివర్న "పెర్ఫ్యూమ్" అన్న ఒక్క మాటే ఉంది. యూరప్‌లో ఇలా కడగకుండా వదిలేసే క్రీముల్లో యూజెనాల్, సినమాల్డిహైడ్‌లలో ఏది 0.001 శాతం దాటినా పేరుతో సహా ముద్రించాలి. ఇలా పేరు వేయాల్సిన, 26 పదార్థాలతో మొదలైన జాబితాను 2023లో 80 దాటించారు. ఆ పేర్లు డబ్బా మీద ఉండుంటే, మంట మొదలైన రోజే డాక్టర్ గారికి చూపించేదాన్ని.

ఏ నూనె ఎంత శాతం వాడారో నాకు రాతపూర్వకంగా చెప్పండి. డబ్బా మీద ఆ పేర్లు వేయండి. అన్నిటికంటే ముందు, మంట అని ఫోన్ చేసినవాళ్లకు "వెంటనే ఆపండి, డాక్టర్‌కి చూపించండి" అని చెప్పడం మీ సిబ్బందికి నేర్పండి. వైద్యం ఖర్చుల బిల్లులు జతచేశాను, ఆ డబ్బు కూడా ఇవ్వాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బ్యాచ్ నంబరున్న డబ్బా, మిగిలిన క్రీమ్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ వినియోగదారురాలు