కోరం లెక్క తప్పింది, సంతకం పెట్టించకు!

ఒరేయ్ సూర్యం,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా, చలి మొదలైంది, మీ అమ్మగారి ఆవకాయ సీసా అడుగంటింది. మిగతా కబుర్లు తర్వాత. నువ్వు పంపిన ఆ సిటిజన్‌షిప్ అఫిడవిట్, అదే, మీ ఓడల కంపెనీ అమెరికా సిటిజన్లదేనని సర్కారుకి ఇచ్చే ప్రమాణపత్రం, చూశాక చెయ్యి ఆగడం లేదు.

ఏడుగురు డైరెక్టర్లలో ఇద్దరే విదేశీయులు, మెజారిటీ మనదేగా అని రాశావు. అచ్చం మన హాస్టల్ పప్పుచారు లెక్క! శాతాలు వాటాల దగ్గరరా. బోర్డుకి కొలత కోరం, అంటే మీటింగు చెల్లడానికి కనీసం రావాల్సిన డైరెక్టర్ల సంఖ్య: విదేశీ డైరెక్టర్లు కోరానికి కావాల్సిన సంఖ్యలో మైనారిటీని మించకూడదు. మీ కోరం నలుగురు. నలుగురిలో ఇద్దరంటే సగం, మైనారిటీ కాదు. అంటే ఒక్కడికే చోటు. ఎవర్నీ దింపక్కర్లేదు, బైలాస్‌లో, అంటే కంపెనీ సొంత నియమావళిలో, కోరం అయిదు చేయండి, ఇద్దరూ చెల్లుతారు. కాకపోతే ఇకపై ప్రతి మీటింగుకీ కనీసం అయిదుగురు రావాలి, నీ చావు నువ్వు చావు. సంతకం తేదీకి ముందే తీర్మానం అయిపోవాలి సుమా, తర్వాత అయితే ఆ అఫిడవిట్ అబద్ధమే.

ఇంకోటి, ఛైర్మన్‌కి గ్రీన్‌కార్డు ఉందిగా అన్నావ్. తూర్పు తిరిగి దండం పెట్టు. ఇక్కడ గ్రీన్‌కార్డు విదేశీ కిందే లెక్క. ఛైర్మన్, సీఈవో ఇద్దరూ సిటిజన్లే కావాలి. నాచురలైజ్ అయిన, అంటే తర్వాత పౌరసత్వం తీసుకున్న, మనవాళ్లకైతే సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే దించు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే మళ్లీ ఉత్తరాలు నడుస్తాయి.

వాటాలకొస్తే, అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకి సరుకు మోసే ఓడైతే 75 శాతం సిటిజన్ల చేతిలో ఉండాలి. మీది స్టాక్ మార్కెట్ కంపెనీ కాబట్టి ఒక్కొక్కర్నీ అడగలేవు. అందుకే మారాడ్ (అమెరికా ఓడరవాణా శాఖ) ఒప్పుకునే అంచనా పద్ధతి ఉంది: 95 శాతం వాటాలకి అమెరికా చిరునామాలుంటే, 75 శాతం సిటిజన్ల చేతిలో ఉన్నట్టే తీసుకుంటారు. మీ రిజిస్టర్‌లో మాత్రం సగం వాటాలు సీడ్ అండ్ కో పేరున, న్యూయార్క్ చిరునామాతో పడున్నాయి. అది డిపాజిటరీ వాళ్ల, అంటే అందరి వాటాలూ ఒకేచోట దాచే సంస్థ వాళ్ల, నామమాత్రపు పేరురా, దాని వెనక ఎవరున్నారో బ్రోకర్ల జాబితా తెప్పించుకో. అసలు చిక్కు అక్కడే...

ఈ కాగితాలు ఎలా తగ్గించాలని నన్నడిగితే, పూర్తి అఫిడవిట్ ఒక్కసారి, ఆపై ఏటా "ఇవి మారాయి, ఇవి మారలేదు" అనే ఒక్క పేజీ చాలు. ఒకే కంపెనీ, అదే బోర్డు, లోన్ గ్యారంటీకో కట్ట, మారిటైమ్ సెక్యూరిటీ ప్రోగ్రామ్ అనే ఓడల సాయం పథకానికో కట్ట ఎందుకు? అయినా కోరం లెక్క నీలాంటివాడి చేతిలో ఉన్నంతకాలం...

సరే, పోస్టు కట్టేసే టైమైంది. బ్రోకర్ల జాబితా ఈ వారమే అడుగు.

నీ
బుడ్డోడు