నల్ల పొగ బళ్ళ విషయంలో మా వల్ల జరిగిన తప్పు

మా షెడ్డుకి బళ్ళు తెచ్చే అందరికీ నమస్కారం. ఒక తప్పు జరిగింది. ఇంకొకరి నోట వినేకన్నా నేనే చెప్పేస్తే నయం.

సాలూరు నుంచి ఒక పాత డీజిల్ జీపు వచ్చింది. చింతపండు బస్తాలేసుకుని ఒడిశా ఘాటీ ఎక్కే బండి. నల్ల పొగ, పికప్ లేదు. "ఏటి మేస్త్రీ, కొండ దగ్గరికొచ్చేసరికి ముసలెద్దయిపోతంది" అన్నాడు డ్రైవరు. నల్ల పొగ అనగానే నా చెయ్యి అలవాటు కొద్దీ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికే పోయింది. వాటి మూతులు, అదే నాజిల్స్ విప్పి, ప్రెషర్ చూసి, బిగించి, 1,800 లేబర్ తీసుకున్నాను. నాలుగో రోజుకి బండి మళ్ళీ గుమ్మంలో ఉంది.

అప్పుడు చూశాను ఈజీఆర్ వాల్వు వైపు. ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపుతుందది. లోపలి మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుట్టాలని ఆ ఏర్పాటు. వాల్వు నెత్తిన ఉన్న డబ్బాలో డయాఫ్రం అనే రబ్బరు పొర, స్ప్రింగు. సన్న పైపులోంచి గాలి పీల్చేసి వాక్యూమ్ లాగితే తెరుచుకోవాలి, వదిలితే మూసుకోవాలి. కొండెక్కేటప్పుడు మూసుకునే ఉండాలి.

వాక్యూమ్ లాగే చేతి పంపు తగిలించి లాగాం. దాని మీటరు ముల్లు 15 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడింది, వదలగానే వాల్వు టక్కున మూసుకుంది. అంటే వాల్వులో తప్పేం లేదు. వాక్యూమ్ వదలాల్సిన సోలినాయిడే, అంటే కరెంటుతో నడిచే చిన్న వాల్వే, వదలట్లేదు. దాని గాలి రంధ్రం మీద రూపాయి బిళ్ళంత స్పాంజి ఉంటుంది. తీసి చూస్తే ఎర్రమట్టి, ఆయిలు జిడ్డు కలిసి పాకం ముదిరిన బెల్లంలా గట్టిపడిపోయింది. గాలి దూరే సందు లేదు. వాల్వు తెరిచింది తెరిచినట్టే ఉండి, ఘాటీ పొడుగునా ఇంజన్ తన పొగ తనే తాగుతోంది.

ఇది తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. వాల్వు మీది సన్న పైపు ఊడదీసి, పైపు మూతికి బోల్టు దూర్చి తోలి చూడాలి. పొగ తగ్గిందా, తప్పు వాక్యూమ్ వైపు. తగ్గలేదా, వాల్వే మసికి ఇరుక్కుని ఉండొచ్చు, ఆ తర్వాతే ఇంజెక్టర్లు. బోల్టు మరిచిపోవద్దు, పెడలుకి బలమిచ్చే బ్రేకు బూస్టరుకీ వాక్యూమ్ ఇచ్చేది ఇంజన్ మీది ఆ పంపే. గాలి లాగేస్తే పెడలు రాయైపోతుంది.

ఆ 1,800 వెనక్కిచ్చేశాను. ఈ ఏడాది నల్ల పొగకని మా దగ్గర నాజిల్స్ విప్పించి, ఇంకా తగ్గని వాళ్ళు బిల్లు పట్టుకుని రండి. లేబర్ లేకుండా చూస్తాను. అనవసరంగా విప్పానని తేలితే మీ డబ్బూ ఇచ్చేస్తాను.

"ఈజీఆర్‌కి రేకు అడ్డం పెట్టి మూసెయ్ మేస్త్రీ" అనే వాళ్ళకి మాత్రం, చెయ్యను. పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ నలుపే, దొరక్కపోవచ్చు. కానీ ఆ నైట్రోజన్ ఆక్సైడ్ల గాలి పీల్చేది మన పిల్లలే కదా.

అమ్మవారి జాతరకి తొలేళ్ళ సోమవారం, సిరిమాను మంగళవారం షెడ్డు మూసే ఉంటుంది. నేను తెరిచినా కుర్రాళ్ళెవరూ రారు.