రామప్ప కోసం మన దేశం ఇచ్చిన మాట తెలుగులో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

లేపాక్షి, ముడుమాల్ పేర్ల పక్కన యునెస్కో అన్న మాట కనబడితే చాలు, మడిచి పక్కన పెట్టబోయిన పేపర్‌ని మళ్లీ తెరిచి చదువుతాను. మన ఊళ్ల పేర్లు అంత దూరం వెళ్లాయంటే ఎవరికైనా సంతోషమే. కానీ ఆ వార్తల్లో దాదాపు ఎప్పుడూ ఒక సగమే ఉంటుంది. గుర్తింపు వస్తుంది, టూరిస్టులు వస్తారు, ఊరు బాగుపడుతుంది, అంతే. ఆ గుర్తింపు కోసం మన దేశం ఎవరికి ఏం మాట ఇచ్చింది, అందులో ఎంత జరిగింది అన్న రెండో సగం మాత్రం నాకు తెలుగులో ఎక్కడా సరిగ్గా దొరకడం లేదు. రామప్ప గుడి విషయంలో ఆ సగం అడుగుదామనే ఈ ఉత్తరం.

మనలో చాలామంది దృష్టిలో యునెస్కో అంటే ప్రైజులిచ్చే సంస్థ. జనగణమనని ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతంగా యునెస్కో ప్రకటించిందని వాట్సాప్‌లో తిరిగిన అబద్ధాన్ని బాగా చదువుకున్నవాళ్లు కూడా ఫార్వర్డ్ చేశారంటే కారణం అదే. నిజానికి ప్రపంచ వారసత్వ జాబితా ఒక ఒప్పందం మీద నడుస్తుంది. 1972లో కుదిరిన ఆ ఒప్పందంలో మనం 1977లో చేరాం, 1983లో అజంతా, ఎల్లోరా, తాజ్‌మహల్, ఆగ్రా కోట మన తరఫున మొదటగా జాబితాకెక్కాయి. ఏ కట్టడాన్ని పంపాలో ఎంచుకునేది దేశమే, ఫైలు తయారు చేసేది దేశమే, దీన్ని ఇలా కాపాడతాం, చుట్టూ ఇంత మేర ఇలా ఉంచుతాం అని ఒప్పుకునేదీ దేశమే. పారిస్‌లోని యునెస్కో కార్యాలయం నుంచి ఎవరూ వచ్చి కాపలా కాయరు. వాళ్ల నిధిలో ఉండేది కొద్ది డబ్బు, అదీ ముందు బీద దేశాలకీ ఆపదలో ఉన్న చోట్లకీ పోతుంది. అంటే ఖర్చు మనది, పని మనది, మాట తప్పితే పోయే పరువు కూడా మనదే.

రామప్ప సంగతే తీసుకోండి. 2014లో వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప మూడూ కలిపి, ముందు ముందు పంపదలచిన చోట్లతో దేశం రాసుకునే తాత్కాలిక జాబితాలో చేరాయి. చివరికి రామప్ప ఒక్కదాన్నే పంపారు. స్మారకాలను పరిశీలించే నిపుణుల సంస్థ ఐకోమోస్ వచ్చి చూసింది, కొన్ని లోపాలు ఎత్తి చూపింది, జాబితాని నిర్ణయించే ప్రపంచ వారసత్వ కమిటీ 2020లో జరపాల్సిన సమావేశం కొవిడ్ వల్ల వాయిదా పడింది. ఇవన్నీ దాటుకుని 2021 జులై 25న మన దేశం నుంచి 39వ చోటుగా రామప్ప జాబితాకెక్కింది. ఆ రోజు మా ఇంట్లో పండగలాగే ఉంది. అయితే అదే సమావేశంలో, అప్పటికి నాలుగు రోజుల ముందు, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని జాబితా నుంచి తీసేశారని మనలో ఎంతమందికి తెలుసు? రేవు ఒడ్డున కట్టిన, కట్టబోతున్న కొత్త కట్టడాల వల్ల దాని విలువ పోయిందన్నారు. 2009లో జర్మనీలోని డ్రెస్‌డెన్ లోయ పేరు కొట్టేశారు, అక్కడ కారణం నది మీద కట్టిన ఒక్క వంతెన.

అంత దూరం ఎందుకు, మన పక్కనే హంపి ఉంది. తుంగభద్ర మీద ఆనెగొంది దగ్గర వంతెన కట్టడం మొదలుపెట్టాక 1999లో హంపిని ఆపదలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టారు. ఏడేళ్లు ఆ మచ్చ మోసింది. నిర్వహణ పద్ధతి మార్చుకుని, ప్రణాళిక రాసుకుని 2006లో బయటపడింది. ఆనెగొంది వంతెన మాత్రం పూర్తి కాకుండానే 2009లో కూలిపోయింది. నది దాటడానికి వంతెన లేక ఇబ్బంది పడేది అక్కడి ఊళ్లవాళ్లే, వాళ్లు వంతెన అడగడంలో తప్పేమీ లేదు. ఎక్కడ కడితే ఇబ్బంది ఉండదో ముందే కూర్చుని వాళ్లతో మాట్లాడి ఉంటే వాళ్లకీ అన్నేళ్లు నష్టం జరిగేది కాదు, హంపికీ ఆ పేరు వచ్చేది కాదు.

ఇప్పుడు రామప్పకి వద్దాం. జాబితాలో చేరుస్తూనే కమిటీ మనకి పని అప్పజెప్పింది. గుడికి చుట్టుపక్కల ఉన్న చిన్న గుళ్లు, చెరువు లాంటి వాటిని కూడా కలుపుకుని ఆలోచించండి, సందర్శకుల రద్దీకి ఒక పథకం వేయండి, మొత్తం నిర్వహణ ప్రణాళిక సిద్ధం చేయండి, 2022 డిసెంబరు లోగా నివేదిక పంపండి అని స్థూలంగా దాని సారం. ఆ గడువు గురించి పేపర్లలో వచ్చిన కథనాలు చూసే తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, శాఖలన్నీ కలిసి కూర్చోవాలని చెప్పింది. ఇది నాకు బాగా గుర్తుండిపోయింది ఎడిటర్ గారూ, ఎందుకంటే పేపర్లో రాస్తే ఏమవుతుంది అనేవాళ్లకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ఆ తర్వాత మాత్రం వార్తలు పలచబడ్డాయి. మళ్లీ కట్టడానికని విప్పిన, రామప్ప ఆవరణలోని కామేశ్వరాలయం రాళ్లు ఏళ్ల తరబడి అలా ఆరుబయట పడి ఉండిపోయాయి. ఆ పని ఎంతవరకు వచ్చింది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నది ఎవరో తెలిసినవాళ్లని అడిగి తెలుసుకోవాల్సిన విషయం కాకూడదు.

నేను రెండుసార్లు వెళ్లాను. లోపల ఒక స్తంభం మీద పొన్నచెట్టెక్కిన కృష్ణుడు, కింద గోపికలు ఉన్న చిన్న శిల్పం ఉంటుంది. వేలితో తడితే ఒక్కో చోట ఒక్కో స్వరం పలుకుతుందని చెబుతారు. నేనున్న అరగంటలో కనీసం ఇరవై మంది తట్టారు, ఒకాయన తాళంచెవితో తట్టాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, పిల్లలకి చూపిద్దామన్న ముచ్చటే. పక్కన ఇంకో చోట దారం మాత్రమే దూరే సన్నటి సందులు చెక్కి ఉన్నాయి, 1213లో రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిన నాటి శిల్పి ఆ నల్లరాతిలో అంత సన్నగా ఎలా తొలిచాడో అని చూస్తూ నిలబడిపోయాను. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన ఆ నునుపు తాళంచెవుల దెబ్బలకి ఎన్నాళ్లు ఆగుతుంది? సందర్శకుల నిర్వహణ ప్రణాళిక అని ఇంగ్లిష్ ఫైల్లో రాసుకున్న మాటకి అసలు అర్థం ఈ తాళంచెవిని ఆపడమే. ఒక మనిషి నిలబడి మర్యాదగా చెప్పినా చాలు, తెలుగులో ఒక బోర్డు పెట్టినా కొంత మేలు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది రామప్ప గుడి ఉన్న ఊరు పాలంపేట వాళ్ల సంగతి. కేంద్రం రక్షణలో ఉన్న ఏ స్మారకానికైనా 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. ఇది మన దేశ చట్టమే, 2010లో దీన్ని ఇంకా గట్టి చేశారు. దానికి తోడు జాబితాకెక్కిన చోటికి రక్షణగా చుట్టూ బఫర్ జోన్ అని మరో గీత ఉంటుంది. ఆ గీతలు ఎవరి పొలం మీదుగా, ఎవరి పెరట్లోంచి పోతున్నాయో అక్కడ బతికేవాళ్లకి వాళ్ల భాషలో, వాళ్ల పంచాయతీ గోడ మీద కనబడాలి. దేశం తరఫున ఇచ్చిన మాట బరువు ముందుగా మోసేది వాళ్లే కదా. నామినేషన్ ఫైలు, కమిటీ నిర్ణయాలు అన్నీ యునెస్కో వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు, కానీ అవి ఉండేది ఇంగ్లిష్‌లో, ఫ్రెంచ్‌లో. కొడుక్కి పెళ్లి చేసి ఇంటి మీద ఒక గది వేసుకుందామనుకునే మనిషి ఆ ఫైలు ఎలా చదువుతాడు?

కట్టడాలకి కాక కళలకి యునెస్కో దగ్గర వేరే జాబితా ఉంది, దాని నియమం ఇంతకంటే నయం. ఆ జాబితాకి ఆధారమైన 2003 ఒప్పందం ప్రకారం ఒక కళని పంపాలంటే దాన్ని బతికిస్తున్నవాళ్ల సమ్మతి ఉండి తీరాలి. కూచిపూడీ తోలుబొమ్మలాటా ఇంకా ఆ జాబితాలో లేవు. ఎప్పుడో పంపే రోజు వస్తే, బొమ్మలు ఆడించే కుటుంబాలకి అన్నీ తెలిశాకే పంపాలి.

ఈ సంస్థతో మన సంబంధం నిన్నటిది కాదు. 1946లో ఇది పని మొదలుపెట్టినప్పటి నుంచీ మనం సభ్యులం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వైస్ చాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948-49లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట నీళ్లలో గుళ్లు మునిగిపోతున్నాయని 1960లో యునెస్కో ప్రపంచాన్ని పిలిచినప్పుడు మన పురావస్తు శాఖ బృందం కూడా ఆ మునిగే ప్రాంతమైన నూబియా వెళ్లి తవ్వకాలు చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన కృష్ణలో నాగార్జునకొండ లోయ మునగబోతోంది. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వి, దొరికినవాటిని కొండ మీదకీ దగ్గర్లోని అనుపుకీ తరలించారు. ఆ పని చేసింది మనవాళ్లే. అందుకే ఎవరో పై నుంచి చెబితే తప్ప మనకి చేతకాదని నేననను, చేతనైన పనే కాబట్టి అడుగుతున్నాను.

ఇక లేపాక్షి. 2022 నుంచి తాత్కాలిక జాబితాలో ఉంది. ముడుమాల్ నిలువురాళ్లు 2025లో చేరాయి. ఇప్పుడున్న నియమం ప్రకారం ఒక దేశం ఏడాదికి ఒక్క నామినేషనే పంపగలదు, కాబట్టి వీటి వంతు రావడానికి చాలా ఏళ్లు పట్టొచ్చు. ఆ ఆలస్యం మంచికే అనుకుంటాను, వంతు వచ్చేలోగా చేసుకోగలిగిన పని బోలెడుంది. లేపాక్షిలో వేలాడే స్తంభం కిందనుంచి రోజంతా గుడ్డలు లాగుతూనే ఉంటారు, కప్పు మీది రంగుల బొమ్మలు వెలిసిపోతున్నాయి. ముడుమాల్లో నిలువురాళ్ల చుట్టూ పొలాలున్నాయి, ఆ రైతులతో ఇప్పుడే మాట్లాడితే రేపు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు.

కాబట్టి మీ పత్రికని నేను అడిగేది ఇది. రామప్ప మీద కమిటీ ఏమేం చేయమంది, మనం ఏం నివేదిక పంపాం, ఏది జరిగింది, ఏది ఆగింది, ఇవి ఒక్క పేజీలో తెలుగులో వేయండి. ఏటా జులై 25కి అదే పేజీ మళ్లీ వేయండి, పక్కన పాత ఏడాది పరిస్థితి కూడా పెట్టి. బఫర్ జోన్ మ్యాప్ సంపాదించి ఊళ్ల పేర్లు తెలుగులో రాసి అచ్చువేయండి. అధికారుల దగ్గర నుంచి రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, ఆ దరఖాస్తు రాయడానికి నాలాంటి పాఠకులు సాయపడతారు, నేనైతే ఈ వారమే కూర్చుని రాయడానికి సిద్ధం.

ఇట్లు,
మీ పాత పాఠకుడు