వేసుకోమన్నారు సరే, తీయడం ఎవరు నేర్పారు?

సంపాదకులకు నమస్కారం.

ఈ కొవిడ్ కాలంలో మాస్కుల విషయంలో జనం నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపుతూ గతవారం మీ పత్రికలో ఫొటోతో సహా వార్త వచ్చిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. ముక్కు బయటపెట్టుకుని తిరిగేవాళ్లను మీరు తప్పుపట్టడంతో నాకు పేచీ లేదు. తప్పంతా జనం నెత్తిన వేసి, వాళ్లకు నేర్పవలసినవాళ్లను ఒక్క మాటైనా అనకుండా వదిలేయడమే నాకు బాధ కలిగించింది.

మొన్న ఒక కార్యాలయంలో సొమ్ము కట్టడానికి వరుసలో నిలబడ్డాను. 'మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కౌంటరులోని ఉద్యోగి రెండూ వేసుకునే ఉన్నారు. నా ముందున్న వ్యక్తి ఇచ్చిన నోట్లు అందుకుని, గ్లవ్ వేసుకున్న చేత్తోనే మాస్కును గడ్డం కిందికి లాగి, వేలిని నాలుకకు అద్దుకుని లెక్కపెట్టారు. లెక్క తేలాక అదే వేళ్లతో మాస్కును మళ్లీ ముక్కు మీదికి జరుపుకున్నారు. ఆ గ్లవ్ వేలికొస అప్పటికే మాసి నల్లబడి ఉంది. ఆయనను నేను తప్పుపట్టలేను. ఉదయం నుంచి చేతులు చెమటకు నానిపోతున్నా ఆదేశాన్ని పాటిస్తున్న మనిషి ఆయన. గ్లవ్స్ ఉన్నాయి గనుక చేతులు శుభ్రంగానే ఉన్నాయని నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని కలిగించింది గోడ మీది ఆ రాతే.

మామూలు జనం బయట తిరిగేటప్పుడు గ్లవ్స్ వేసుకోనవసరం లేదని, చేతులు కడుక్కోవడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. చర్మానికి అంటినట్టే గ్లవ్‌కూ క్రిములు అంటుతాయి. చేతులనైతే సబ్బుతో కడుక్కుంటాం, గ్లవ్స్‌తో మాత్రం తలుపు గడియ, ఫోను, మొహం అన్నింటినీ తాకుతూనే ఉంటాం. వేసుకోక తప్పని పనుల్లో ఉన్నవాళ్లకైనా, మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని లోపలి భాగం పైకి వచ్చేలా ఒలిచి తీయాలని, తీసిన వెంటనే చేతులు కడుక్కోవాలని ఎవరైనా చూపించారా?

మాస్కుల సంగతీ ఇంతే. 2020 మార్చి 11న కొవిడ్‌ను మహమ్మారిగా వర్ణించిన ఆ సంస్థే, జూన్ 5న గుడ్డ మాస్కుకు మూడు పొరలుండాలని సూచించింది. ఇప్పటికీ ఒంటిపొర గుడ్డ కట్టుకున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. గాలి బయటికి పోయే కవాటం ఉన్న మాస్కు వేసుకున్నవాళ్లు తమ ఊపిరి వడకట్టకుండానే ఎదుటివాళ్ల మీదికి పోతోందని ఎరగరు. ఒకసారి వాడి పారేయవలసిన సర్జికల్ మాస్కును ఉతికి ఆరేసేవాళ్లు, సన్నని కణాలను పట్టి ఉంచే దాని మధ్యపొర ఉతుకుకు పనికిరాకుండా పోతుందని ఎరగరు. ఇవేవీ జనం పుట్టుకతో తెచ్చుకునే తెలివితేటలు కావు, ఒకరు చెబితే తెలిసేవి. చెప్పవలసిన అధికారులు మాత్రం సమావేశాల్లో మైకు అందుకోగానే మాస్కు దించి, నోటికి ఆనించుకుని మాట్లాడి, ఆ మైకునే పక్కవారికి అందిస్తున్నారు. గట్టిగా మాట్లాడేటప్పుడే నోటి తుంపరలు ఎక్కువగా వస్తాయన్న కనీస ఎరుక వేదిక మీద ఉన్నవాళ్లకు లేకపోతే, కింద ఉన్నవాళ్లను జరిమానాలతో బెదిరించడం ఏం న్యాయం?

మా అమ్మకు వినికిడి తక్కువ. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునే మనిషికి ఇప్పుడు ఎదురుగా అన్నీ మూసిన మొహాలే. ఆమె కోసం జాలిపడి మాస్కు దించేవాళ్లు ఉన్నారు గానీ, కాగితం మీద రాసి చూపవచ్చని ఏ కౌంటరులోనూ ఎవరికీ తోచలేదు. చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపి ఇంటికి వచ్చేస్తోంది.

దయచేసి ఆ ఫొటో వేసినంత స్థలంలోనే, మాస్కు చెవితాళ్లు పట్టుకుని తీయడం, గ్లవ్స్ ఒలవడం బొమ్మలతో ప్రచురించండి. కార్యాలయాల గోడల మీద 'గ్లవ్స్ తప్పనిసరి' అన్న మాట చెరిపించి, అక్కడ ఒక కుళాయి, సబ్బు పెట్టించమని అధికారులను అడగండి.

- ఒక పాఠకుడు