ఈ యాసంగి నుంచి మా కొట్టులో ‘మక్క కిట్’ అమ్మం

రైతు సోదరులకు నమస్కారం.

హ్యూమిక్ (సేంద్రియ ఆమ్లం) గుళికల బకెట్, 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉన్న, నీళ్లలో కరిగే ఎరువు) కిలో ప్యాకెట్, చీలేటెడ్ జింక్, ఒక టానిక్ సీసా. ఈ నాలుగూ కలిపి ఎకరానికి ఒకటని ఇచ్చిన మక్క (మొక్కజొన్న) కిట్‌ను ఆపేశాం. సరుకు నకిలీదని కాదు. కిట్ కొన్నామన్న ధీమాతో యూరియా దఫా ఎగ్గొడుతున్నారు, పశువుల ఎరువు మానేస్తున్నారు. అలా అమ్మడంలో తప్పు మాదే.

లెక్క చూడండి. 19:19:19 లీటరుకు 5 గ్రాముల చొప్పున 200 లీటర్లు కొడితే ఎకరానికి పడేది కిలో. అందులో నత్రజని 190 గ్రాములు. అంటే 400 గ్రాముల పైచిలుకు యూరియాతో సమానం. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. యాసంగి మక్కకు ఎకరానికి కావాల్సింది 80 కిలోల పైమాటే. నానో యూరియా అర లీటరు సీసా మీద 4 శాతం అని ఉంటే అందులో నత్రజని 20 గ్రాములు, 20 శాతం అని ఉంటే 100 గ్రాములు. ఏది మానాలో మీరే చెప్పండి.

మరి పిచికారీ ఎందుకంటే, వేరు పని చేయనప్పుడు. నీళ్లు నిలిచి చేను పసుపెక్కితే ముందు కాలువ తీసి నీళ్లు వదలండి, ఆ తర్వాత 19:19:19 గానీ 13:0:45 గానీ లీటరుకు 10 గ్రాములు కొట్టండి. పదును రాగానే యూరియా మళ్లీ నేలలోనే.

జింక్ సంగతి వేరు, మక్కకు అది నిజంగా కావాలి. వరి కోసిన మడిలో, సున్నం ఉన్న నల్లరేగడిలో లోపం ఎక్కువ. మొలిచిన రెండు మూడు వారాలకు లేత ఆకు మొదట్లో, ఈనెకు అటూ ఇటూ తెల్లటి పట్టీలు వస్తాయి. ఈనె, ఆకు అంచు మాత్రం పచ్చగానే ఉంటాయి. కింది ఆకు కొన నుంచి ఈనె వెంట పసుపు దిగితే అది నత్రజని లోపం, కింది ఆకు అంచులు మాడితే పొటాష్. పైరు పిల్లగా ఉన్నప్పుడు చలికి ఊదా రంగు తిరిగితే కంగారుపడి భాస్వరం కొనకండి, వాతావరణం వెచ్చబడ్డాక చాలాసార్లు అదే పోతుంది.

దుక్కిలో జింక్ సల్ఫేట్ ఎకరానికి 20 కిలోలు, రెండు మూడు పంటలకు ఒకసారి చాలు. డీఏపీతో (భాస్వరం ఎక్కువుండే ఎరువు) కలిపి చల్లొద్దు, రెండు మూడు రోజుల తేడా ఇవ్వండి. రెండూ కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది, వేరుకు అందదు. దున్నకుండా వరి కొయ్యల్లో విత్తేవాళ్లు నేలలో కలపలేరు కాబట్టి, పట్టీలు కనబడగానే లీటరుకు 2 గ్రాములు వారం తేడాతో రెండుసార్లు కొట్టాలి. పురుగు మందు అదే ట్యాంకులో పోయకండి.

ఆ డీఏపీ గుణంతోనే నకిలీ జింక్ సల్ఫేట్‌ను పట్టొచ్చు. రెండు గ్లాసుల నీళ్లలో విడివిడిగా జింక్, డీఏపీ కరిగించి, డీఏపీ పైతేట వంచి జింక్ నీళ్లలో పోయండి. పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్దలు కట్టాలి. కట్టకపోతే అది మెగ్నీషియం సల్ఫేట్ అయి ఉండొచ్చు. కొట్టులో గ్లాసులు పెట్టాం, మా సరుకైనా సరే మీ ముందే చేసి చూపిస్తాం.

పిచికారీ తర్వాత ఆకులు మాడాయని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఎండలో కొట్టినవే. మక్క సుడి గిన్నెలాంటిది, ద్రావణం అందులో నిలుస్తుంది. నీరు ఆవిరై ఉప్పు చిక్కబడి లోపలి లేత ఆకును కాలుస్తుంది. నాలుగైదు రోజులకు ఆ ఆకు విచ్చుకున్నాక అడ్డంగా తెల్లటి చార బయటపడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక, సన్నటి తుంపరతో, మోతాదు తూచి కొట్టండి. మూతతో కొలవకండి.

జిప్సం ఇక అడగ్గానే ఇవ్వం. మట్టి పరీక్షలో కారు చౌడు (క్షార నేల) అని తేలాలి, మురుగు నీరు పోయే దారి ఉండాలి. తెల్ల చౌడుకు (ఉప్పు నేల) జిప్సంతో పని లేదు, మంచి నీళ్లు పెట్టి ఉప్పు కడగడమే. హ్యూమిక్ ఎరువు కాదు, నాలుగైదు టన్నుల పశువుల ఎరువుకు బదులు అంతకన్నా కాదు.

సీల్ తీయని కిట్లు బిల్లుతో తెస్తే డబ్బు తిరిగిస్తాం. చేనులో తేడా కనబడితే ఫోన్లో ఫొటో కాదు, ఒక మంచి మొక్క, ఒక చెడ్డ మొక్క వేళ్లతో సహా పీకి తీసుకురండి.