ఎవల్యూషన్ కనబడ్డ ప్రతిచోటా పరిణామం అనెయ్యకు

ఏరా మిత్రమా,

నువ్వు తెలుగు చేస్తున్న సైన్సు పుస్తకంలో ఎవల్యూషన్ అన్నచోటల్లా పరిణామం అని రాసుకుంటూ పోతే సరిపోతుందా అని అడిగావు. సరిపోదురా. జీవశాస్త్రం వరకైతే ఫరవాలేదు గానీ, అందులో రసాయనశాస్త్రం, నక్షత్రాలు, కంప్యూటర్ల చరిత్ర కూడా ఉన్నాయన్నావు. ఒక్కో పాఠంలో ఆ మాట ఒక్కో పని చేస్తుంది.

ముందు దాని పుట్టుక చెప్తాను. లాటిన్‌లో ఆ మాటకి చుట్టిపెట్టిన పత్రాన్ని విప్పడం అని అర్థం. ప్రాణి మొత్తం పిండంలోనే బుల్లి రూపంలో తయారై ఉంటుందనీ, తర్వాత అదే పెద్దదవుతుందనీ 18వ శతాబ్దంలో నమ్మినవాళ్లు ఈ మాటనే వాడుకున్నారు. డార్విన్ 1859లో వేసిన పుస్తకం మొదటి కూర్పులో ఎవల్యూషన్ అన్న మాటే కనబడదు. మార్పులతో కూడిన వారసత్వం అన్నాడాయన. పుస్తకంలో ఆఖరి మాట మాత్రం ‘ఎవాల్వ్‌డ్’! 1872 నాటి ఆరో కూర్పులో గానీ ఎవల్యూషన్ రాలేదు. దాన్ని జనంలోకి బాగా తీసుకెళ్లినవాడు హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త. ఆయన వాడకంలో సాదా నుంచి సంక్లిష్టానికి ఎదగడం అనే భావం కూడా దానికి అంటుకుంది. ఈ రోజుకీ అనువాదాలను చెడగొట్టేది అదే.

జీవశాస్త్రంలో దాని అర్థం చాలా కచ్చితం. ఒక జీవుల గుంపులో, వారసత్వంగా వచ్చే లక్షణాల పాళ్లు తరతరానికీ మారడం. కాబట్టి ‘పరిణామం చెందింది’ అని రాసే ముందు కర్త ఎవరో చూసుకో. జాతి పరిణామం చెందుతుంది. ఒంటరి ప్రాణి చెందదు. ఇంగ్లండ్‌లో పెప్పర్డ్ మాత్ అని రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు ఉంది. మామూలుగా తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలతో ఉంటుంది. 1848లో మాంచెస్టర్‌లో ఒక నల్లదాన్ని నమోదు చేశారు. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. ఏ పురుగూ తన రంగు మార్చుకోలేదు. ఫ్యాక్టరీల పొగకి మసిపట్టిన చెట్ల మీద తెల్లవి కొట్టొచ్చినట్టు కనబడి పక్షుల నోట పడ్డాయి, నల్లవి బతికి పిల్లల్ని పెట్టాయి. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చి మసి తగ్గాక తెల్లవి మళ్లీ పెరిగాయి. ఆ పురుగుకి ఏడాదికి ఒక తరమే, అంటే యాభై తరాల్లోపే అంత మార్పు. అందుకని నిర్వచనంలో ‘నెమ్మదిగా’ అని ఇరికించకు. సాధారణంగా నెమ్మదే, కానీ అది షరతు కాదు.

వికాసం, అభివృద్ధి అనే మాటలు ఇక్కడ అస్సలు వద్దు. చీకటి గుహల్లో ఉండే చేపలు కళ్లు పోగొట్టుకోవడం కూడా ఎవల్యూషనే, దాన్ని అభివృద్ధి అని ఎలా అంటాం? ‘కోతి మనిషైంది’ అని కూడా రాయకు. మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు, అంతే.

తెలుగులో మనకి ఇంకో చిక్కు ఉంది. పరిణామం అంటే పర్యవసానం అని కూడా కదా! ‘దీని పరిణామం’ అని రాస్తే ఏ అర్థమో తేలదు. పాఠంలో మొదటిసారి జీవపరిణామం అని పూర్తిగా రాసి, తర్వాత కుదించుకో. టైపు చేసేటప్పుడు పరిమాణం పడిందేమో వెతుకు. అదీ సరైన మాటే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు.

నక్షత్రాల పాఠంలో తరాల గొడవ లేదు. ఒకే నక్షత్రం పుట్టినప్పటి నుంచి ఆరిపోయేదాకా పడే దశలు. సూర్యుడికి సుమారు 460 కోట్ల ఏళ్లు, ఇంకో 500 కోట్ల ఏళ్లకి ఉబ్బి రెడ్ జెయంట్, అంటే ఎర్రటి భారీ నక్షత్రం అవుతాడు. నక్షత్ర పరిణామం అనే మాట వాడుకలో ఉంది గానీ, నా మటుకు జీవనక్రమం బాగుంటుంది. రసాయనశాస్త్రంలో మాత్రం పరిణామం పూర్తిగా తప్పు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు ముక్క వేస్తే హైడ్రోజన్ ‘వెలువడుతుంది’. పాత లెక్కల పుస్తకాల్లో ఎవల్యూషన్ అంటే వర్గమూలం, ఘనమూలం లాంటివి కనుక్కోవడం. సైన్యం గురించి వస్తే విన్యాసం.

కంప్యూటర్ల అధ్యాయంలో నామవాచకం జోలికే పోకు. ‘కంప్యూటర్లు ఎలా మారుతూ వచ్చాయి’ అను. ఆ ‘వచ్చాయి’లోనే నిదానం వినబడుతుంది. క్రమంగా అంటే మామూలు నెమ్మది, అంచెలంచెలుగా అంటే మెట్లు విడివిడిగా తెలియాలి, రాను రాను అంటే చాలాసార్లు తగ్గుదల ధ్వనిస్తుంది. ఎవరైనా ఒక పద్ధతిని ‘ఎవాల్వ్’ చేశారని ఉంటే అక్కడ రూపొందించారు అని రాసెయ్. రసాయనశాస్త్రం అధ్యాయం అయ్యాక పంపు, వెలువడటాలన్నీ ఒకసారి చూసిపెడతాను.

ఉంటాను మరి,
నీ నేస్తం